అక్క ఒప్పుకోలు

పోయిన వారం మనం రైన్‌హోల్ట్ ఓస్టర్‌మన్‌ని నడిరోడ్డు మీద వదిలేశాం. ఆదివారం చర్చి అయ్యాక ఇంటికెళ్లి భోజనానికి కూర్చోవలసిన మనిషి, కారుని ఒక్కసారిగా అక్క ఇంటి వీధిలోకి తిప్పేశాడు. పదకొండేళ్లుగా ఆయన కారు ఎరగని మలుపు అది.

ఎందుకు తిప్పాడో ఈ వారమే కథలో చేరినవాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. మా మిల్వాకీలో ఓస్టర్‌మన్ బీరు తాగకుండా పెద్దవాడైన మగాడు ఒకప్పుడు ఉండేవాడు కాదు. తాత జర్మనీ నుంచి వచ్చి పెట్టిన బ్రూవరీ, తండ్రి పెంచి పెద్దది చేశాడు. రైన్‌హోల్ట్ చేతికి వచ్చేసరికి మొదట జర్మనీతో యుద్ధం వచ్చింది, జర్మన్ పేరున్న ప్రతి అద్దం మీదా రాళ్లు పడ్డాయి. ఆ తర్వాత మద్యనిషేధం వచ్చింది. తండ్రి ఆ బెంగతోనే పోయాడు. పోతూ పోతూ కంపెనీని కొడుక్కీ కూతురికీ చెరిసగం రాసిపోయాడు. మిగతా బ్రూవరీలు తాళాలు వేసుకుంటే రైన్‌హోల్ట్ ఐస్‌క్రీం చేశాడు, సోడా చేశాడు, మత్తు తీసేసిన ఉత్తుత్తి బీరు చేశాడు, బీరుకి మూలమైన మాల్ట్ పాకం డబ్బాల్లో పోసి 'రొట్టెలు కాల్చుకోవడానికి మాత్రమే' అని ముద్ర వేసి అమ్మాడు. ఆ పాకంతో ఊరంతా రొట్టెలు కాల్చింది, ఒక్క రొట్టె మాత్రం ఎవరి కంటా పడలేదు. మొత్తానికి గేటు మూయలేదు, పనివాణ్ణి పంపలేదు.

ఇప్పుడు చట్టం మారింది. వచ్చే శుక్రవారం నుంచి అసలు బీరు అమ్ముకోవచ్చు. కానీ లైసెన్సు రావాలంటే ఇద్దరు యజమానులూ ఒప్పుకోవాలి. రెండో యజమాని అక్క ఒటీలీ. ఆమె మద్యం వద్దనే ఆడవాళ్ల సంఘానికి ఈ ఊళ్లో పెద్ద గొంతు. 'మా తమ్ముడు నా భర్తని బార్ల వెంట తిప్పి తిప్పి చంపాడు' అని వేదికలెక్కి చెప్పిన మనిషి.

ఆ మనిషి గుమ్మం ముందు రైన్‌హోల్ట్ టోపీ తీసి నిలబడ్డాడు.

తలుపు తెరిచింది ఒటీలీయే. చర్చికి వేసుకున్న నల్ల గౌను మీద వంటింటి గుడ్డ కట్టుకుని ఉంది. జుట్టంతా తెల్లబడింది. తమ్ముణ్ణి కాదు, తమ్ముడి బూట్లని చూసింది.

"మంచుబురద. తుడుచుకుని రా."

అంతే. రమ్మందో తిట్టిందో అర్థం కాకపోయినా, రైన్‌హోల్ట్ చిన్నపిల్లాడిలా బూట్లు గుమ్మానికి రాకి లోపలికి నడిచాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. బ్యాంకుల వాళ్లు లేచి నిలబడే మనిషి. ఆమె ముందు గదిలో కూర్చోబెట్టలేదు. ముందు గది పరాయివాళ్లకి. వంటింట్లోకి తీసుకెళ్లింది. దాంతో ఆయనకి కాస్త ప్రాణం లేచివచ్చింది.

పొయ్యి మీద కాఫీ మరుగుతోంది. బల్ల మీద ఆపిల్ కేకు సగం కోసి ఉంది. ఒటీలీ కప్పు పెట్టింది, కేకు ముక్క పెట్టింది, ఎదురుగా కూర్చుంది.

"తిను. తిన్నాక అడుగు. ఎలాగూ కాదనే చెప్తాను, ఆకలితో ఎందుకు వినడం."

"అక్కా..."

"చిక్కిపోయావు. మీ ఆవిడ వండిపెట్టడం లేదా?"

"పెడుతోంది. తినబుద్ధి కావడం లేదు."

"ఐస్‌క్రీం అమ్ముకునేవాడికి తిండి ఎలా సయిస్తుందిలే."

రైన్‌హోల్ట్ నవ్వబోయి ఆపుకున్నాడు. కేకు ఒక ముక్క తిన్నాడు. అమ్మ చేసినట్టే ఉంది. ఆ మాట అనడానికి ధైర్యం చాలక, వచ్చిన పనిలోకే దిగాడు.

"గేటు ముందు మనుషులు నిలబడుతున్నారు అక్కా. తెల్లారకముందే వస్తున్నారు. మన పేటవాళ్లే కాదు, ఎక్కడెక్కడి వాళ్లో. తోలు కర్మాగారం మూసేశారు, ఇనప కర్మాగారం సగం మూసేశారు. 'శుక్రవారం నుంచి పని ఉంటుందటగా దొరా' అని అడుగుతున్నారు. నేను ఏం చెప్పను? మా అక్క ఒప్పుకోలేదని చెప్పనా?"

"చెప్పు. నాకేం భయం లేదు."

"నాకు ఉంది. వాళ్ల మొహాలు చూడలేకుండా ఉన్నాను."

"ఒరేయ్ రైనీ." చాలా ఏళ్ల తర్వాత ఆ పేరు ఆమె నోట వచ్చింది. కానీ గొంతులో మెత్తదనం లేదు. "వాళ్లకి శనివారం జీతమిస్తావు. ఆ జీతం శనివారం సాయంత్రానికే గ్లాసులో పడి మళ్లీ నీ దగ్గరికే వస్తుంది. ఇంటి దగ్గర పెళ్లాం కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చుంటుంది. నేను కూర్చున్నాను, నాకు తెలుసు. దీనికి జవాబు చెప్పి అప్పుడు అడుగు."

రైన్‌హోల్ట్ కప్పు కింద పెట్టాడు. దారి పొడుగునా చాలా మాటలు కూర్చుకుని వచ్చాడు. బీరు వేరు, సారా వేరు అని. మన తాతలు భోజనంతో పాటు తాగినవాళ్లే అని. అవన్నీ పక్కన పెట్టేశాడు.

"జవాబు లేదు," అన్నాడు. "అందరి జీతమూ అలా రాదు. కొందరిది వస్తుంది. అది అబద్ధమని నేను చెప్పలేను."

ఒటీలీ తమ్ముడి మొహంలోకి అప్పుడు చూసింది. ఆమె దెబ్బలాటకి సిద్ధంగా కూర్చుంది. ఎదుటివాడు కత్తి కింద పెట్టేస్తే ఏం చెయ్యాలో తోచక, లేచి పొయ్యిలో కట్టె సర్దింది. సర్దాల్సిన అవసరం లేదు, అది బాగానే మండుతోంది.

"ఆల్విన్ సంగతి ఎత్తవేం?" అంది అటు తిరిగే.

ఆల్విన్ ఆమె భర్త. ఓస్టర్‌మన్ వారి అల్లుడు. ఊళ్లో ఉన్న బార్లన్నీ తిరిగి, వెళ్లిన ప్రతిచోటా అక్కడున్న అందరికీ కంపెనీ లెక్కలో ఓస్టర్‌మన్ బీరు పోయించడం ఆయన ఉద్యోగం. పోయించి ఊరుకుంటే కుదరదు, వాళ్లతో పాటు తాగాలి. 'మన బీరు మనమే తాగకపోతే ఇంకెవడు తాగుతాడోయ్' అనేవాడు మామగారు. మంచి గొంతు, మంచి నవ్వు ఉన్నవాడు ఆల్విన్. మొదట్లో పాడుకుంటూ ఇంటికొచ్చేవాడు. తర్వాత తర్వాత గోడ పట్టుకుని వచ్చేవాడు. నిషేధం వచ్చాక బీరు పోయింది గానీ దాహం పోలేదు. ఎవడో దొంగచాటుగా కాచిన విషం తాగి, ఒక ఫిబ్రవరి పొద్దున సరస్సు ఒడ్డున పడి ఉన్నాడు.

"ఎత్తడానికి నాకు నోరు రావడం లేదు," అన్నాడు రైన్‌హోల్ట్.

"నాకు వస్తుంది. పదకొండేళ్లుగా వేదికల మీద అదే పాడుతున్నానుగా. నా తమ్ముడు పంపాడు, నా మొగుడు పోయాడు అని. వింటూ ఆడవాళ్లు ఏడుస్తారు. నేనూ ఏడుస్తాను." ఆమె ఇటు తిరిగింది. "అందులో ఒక ముక్క ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ చెప్తాను, విను. విన్నాక నీకు కోపం వస్తే లేచి వెళ్లిపో, నేను ఏమీ అనుకోను."

"చెప్పు."

"ఆయన నీ దగ్గరికి వచ్చి పని మార్చమని అడిగాడు కదా. సీసాల గదిలో వేయమని."

"అడిగాడు."

"నువ్వు సరేనన్నావు."

"అన్నాను. సోమవారం నుంచి రమ్మన్నాను."

"ఆ సాయంత్రం ఇంటికొచ్చి పిల్లాడిలా గంతులేశాడురా. నన్ను నడుం పట్టుకుని ఇదిగో ఈ బల్ల చుట్టూ తిప్పాడు. 'ఒటీలీ, ఇక నుంచి సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను' అన్నాడు. నేనేమన్నానో తెలుసా?"

రైన్‌హోల్ట్ కేకు పక్కకి జరిపాడు.

"ఓస్టర్‌మన్ అల్లుడు గమ్‌బూట్లు తొడుక్కుని సీసాలు కడిగే ఆడపిల్లల మీద అజమాయిషీ చేస్తాడా అన్నాను. నా స్నేహితురాళ్ల మొహం ఎలా చూడమంటావన్నాను. వెళ్లి వద్దని చెప్పి రమ్మన్నాను. మర్నాడే వెళ్లి చెప్పాడు. ఎదురు చెప్పే మనిషి కాదుగా. నువ్వు చంపలేదు రైనీ. నాన్న కూడా చంపలేదు. నా గొప్ప చంపింది. అది ఎవరి ముందూ చెప్పలేక నిన్ను వీధికెక్కించాను."

బయట ఎవరిదో కారు బురద చిమ్ముకుంటూ వెళ్లింది. రైన్‌హోల్ట్ బల్ల మీద చెయ్యి చాపి అక్క చెయ్యి పట్టుకోబోయి, మధ్యలో ఆపేశాడు.

"నాకు తెలుసు అక్కా," అన్నాడు మెల్లగా.

"ఏం తెలుసు?"

"ఆల్విన్ వచ్చి వద్దన్న రోజున ఎందుకురా బాబూ అని అడిగాను. 'మీ అక్కకి ఇష్టం లేదోయ్' అన్నాడు. ఆ ఒక్క మాటే. అన్నాక తనే నవ్వేసి, ఎవరితోనూ అనకు అన్నాడు."

ఒటీలీ గొంతు ఒక్కసారిగా అరుపైంది.

"తెలిసి ఊరుకున్నావా! పత్రికల వాళ్లు నీ గుమ్మంలో కూర్చుని అడిగారుగా! మీ అక్క ఇలా అంటోంది, మీరేమంటారని! ఏమన్నావప్పుడు?"

"మా అక్క నాకన్నా బాగా మాట్లాడుతుందన్నాను."

"నిజం చెప్పలేకపోయావా?"

"చెప్తే ఏమొస్తుంది? నీకు తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి. లేకపోతే నిన్ను నువ్వు తిట్టుకుని చచ్చిపోయేదానివి. నాన్న అప్పటికే పోయాడు. మిగిలింది నేనే."

"అంటే జాలిపడ్డావన్నమాట!" బల్ల మీద చరిచింది ఒటీలీ. కప్పులు ఎగిరాయి, కాఫీ ఒలికింది. "ఇన్నేళ్లూ నేను వేదిక మీద పులిలా గాండ్రిస్తున్నాననుకున్నాను. నువ్వు ఇంట్లో కూర్చుని, పోనీలే పాపం అనుకుంటున్నావు! నీ జాలి ఎవడిక్కావాలిరా! ఒక్కసారి వచ్చి నా మొహం మీద అని ఉంటే ఆ రోజే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇన్నేళ్లు మాటల్లేకుండా పోయాయి కదరా మనకి! అమ్మ పోయినప్పుడు కూడా శవానికి చెరో పక్కన నిలబడ్డాం కదరా!"

తను చేసింది మంచే అనుకుంటూ వచ్చాడు రైన్‌హోల్ట్ ఇన్నాళ్లూ. మంచితనానికి కూడా ఇంత ఖరీదు ఉంటుందని ఆయనకి ఇప్పుడే తెలిసింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"తప్పే అక్కా," అన్నాడు. "రావాల్సింది."

ఒటీలీ వంటింటి గుడ్డతోనే మొహం తుడుచుకుంది. ఒలికిన కాఫీని అదే గుడ్డతో ఒత్తింది. ఆ పని చేస్తూ చేస్తూ, బల్ల మీద చాచి ఉన్న తమ్ముడి చెయ్యి అడ్డొస్తే దాన్ని పక్కకి జరపలేదు. దాని మీద తన చెయ్యి పెట్టి ఉంచింది.

"నిజం చెప్పనా," అంది. "ఈ మధ్య సంఘంలో మాట్లాడుతుంటే నా మాటలు నాకే గుచ్చుకుంటున్నాయి. మీ బీరు ఆయన్ని తాగుబోతుని చేసింది, కాదనను. కానీ చంపింది దొంగసారా. నిషేధమే లేకపోతే ఆయన ఇంకా గోడ పట్టుకుని ఇంటికొస్తూ ఉండేవాడేమో. గోడ పట్టుకుని అయినా సరే." ముక్కు చీదింది. "లైసెన్సుకి ఒప్పుకుంటాను. కానీ ఒక్కటి. మన బీరు అమ్మడానికి వెళ్లేవాడు ఎవడూ కొనేవాడితో కూర్చుని తాగకూడదు. ఒక్క గుక్క కూడా. తాగితే ఆ రోజే పనిలోంచి తీసేస్తావు. వాడు మన చుట్టమైనా సరే."

"అలాగే."

"అలాగే అంటే చాలదు. నేను వచ్చి చూస్తాను."

"రా. సగం నీదేగా."

"అయితే ఏదీ?"

"ఏమిటి?"

"ఓస్టర్‌మన్ కొడుకు బీరు సంగతి మాట్లాడ్డానికి చేతులూపుకుంటూ వస్తాడా? మన నాన్నకి పుట్టినవాడివేనా నువ్వు?"

రైన్‌హోల్ట్ చెవులు ఎర్రబడ్డాయి. లేచి కారు దగ్గరికెళ్లి, సీటు కింద కంబళిలో చుట్టి దాచిన సీసా ఒకటి కోటు లోపల పెట్టుకుని తెచ్చాడు. "శుక్రవారం దాకా ఇది బయటికి తేవడం నేరం," అన్నాడు గుసగుసగా.

"నా వంటింట్లో నేనే పోలీసుని." అంటూనే ఒటీలీ వెళ్లి కిటికీ పరదా లాగింది. ఎదురింట్లో ఉండేది పాస్టరు గారి భార్య. మద్యం వద్దనే సంఘానికి కార్యదర్శి కూడా ఆవిడే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చిన్నప్పుడు ముసలి ఓస్టర్‌మన్ కొడుకుని ఆఫీసులో కూర్చోబెట్టి, కూతుర్ని నేలమాళిగలోకి తీసుకెళ్లేవాడు. కొత్త బీరు ప్రతి పీపాలోంచీ ఒక చెంచాడు ఆమె నాలుక మీద వేసి, ఏం చెప్తుందో అని చూసేవాడు. ఆ పిల్ల బాలేదంటే ఆ పీపా మోరీలోకే. 'ఇది మగపిల్లాడై పుట్టాల్సింది' అని ఆయన అనడం ఒటీలీ ఎన్నోసార్లు విని, విన్న ప్రతిసారీ లోపల మండిపడింది. ఆ నాలుక మీద చుక్క బీరు పడక ఇప్పటికి చాలా కాలమైంది.

ఆమె గ్లాసు వంచి, అంచు వెంట మెల్లగా పోసింది. నురుగు దిగేదాకా ఆగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక గుక్క నోట్లోకి తీసుకుని కళ్లు మూసుకుంది. రైన్‌హోల్ట్ ఆమెనే చూస్తున్నాడు. మొగుడి మీద బెంగ వస్తుందేమో, తండ్రి గుర్తొచ్చి ఏడుస్తుందేమో అనుకున్నాడు.

ఆమె లేచి, నోట్లోది తొట్టిలో ఉమ్మేసింది.

"ఇది నాన్న బీరు కాదు."

"అదేమిటి అక్కా? అదే బార్లీ, అదే నీళ్లు. మన మేస్త్రీ కిలియన్ స్వయంగా చేశాడు."

"మిగతావన్నీ అవే. తోడు మారింది."

పాలకి తోడు ఎలాంటిదో బీరుకి ఈస్టు అలాంటిది. తోడుని బట్టే రుచి. ఓస్టర్‌మన్ వారి తోడు తాతగారితో పాటు ఓడెక్కి వచ్చింది. అప్పట్నించీ ఒక్కరోజు చావకుండా దాన్ని కాపాడుకుంటూ వచ్చారు. నిషేధం రోజుల్లో ఆ భారమంతా బ్రూవరీ పెద్ద మేస్త్రీ కిలియన్ మోజర్ మీదే పడింది.

"చాలా ఏళ్లయింది కదా అక్కా, నాలుక మర్చిపోయి ఉంటుంది..."

"నాలుక మర్చిపోదురా. నా కోటు అందుకో."

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి? కార్ఖానాకి."

ఆల్విన్‌ని పూడ్చిపెట్టిన రోజున, ఆ గేటు ఇక తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి ఒటీలీ. ఆ ఒట్టు ఆమెకి గుర్తుందో లేదో గానీ, కారు ఆగీ ఆగకముందే దిగి, తమ్ముడి కోసం చూడకుండా నేలమాళిగ మెట్లు దిగిపోయింది. ఆదివారమైనా కిలియన్ అక్కడే ఉన్నాడు. పీపాల మధ్య ముక్కాలి పీట మీద కూర్చుని రొట్టె, సాసేజి తింటున్నాడు. ఆమెని చూసి లేచాడు. టోపీ తీశాడు. ఎర్రని మొహం క్షణంలో సున్నం కొట్టినట్టయింది.

"కిలియన్, మా తోడు ఏది?" అంది ఒటీలీ.

ముసలాయన రైన్‌హోల్ట్ వైపు చూడనైనా లేదు. "మీరు ఒక్క గుక్క తాగితే దొరికిపోతానని తెలుసు అమ్మాయిగారూ. ఉత్తుత్తి బీరు నాడు వేరే తోడు వేసినా ఎవరికీ తెలియలేదు. అసలు బీరు చేస్తుంటే భయం వేసింది."

"చచ్చిపోయిందా?" రైన్‌హోల్ట్ గొంతు కీచుమంది.

"లేదు బాబుగారూ. పదకొండేళ్ల కిందట తనిఖీవాళ్లు వచ్చి ఈ గదులు సీలు వేస్తారని పుకారు పుట్టింది. వేస్తే నెల తిరక్కుండా చచ్చిపోయేది. ఎక్కడ దాచాలో తెలియక తల బద్దలు కొట్టుకుంటుంటే ఆల్విన్‌గారు వచ్చారు. 'నాకివ్వవోయ్, తాగుబోతు చేతిలో కూజా ఉంటే ఎవడు అనుమానిస్తాడు' అని నవ్వారు. కోటు కింద పెట్టుకుని పట్టుకెళ్లారు. చేర్చాల్సిన చోటికి చేర్చి వచ్చి నాతో చెప్పారు కూడా. ఆ మర్నాడే కదా సరస్సు దగ్గర..." ఆగాడు. "తెచ్చేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ ఆ ఇల్లు మీకు తెలియనివ్వనని ఆయనకి మాటిచ్చాను అమ్మాయిగారూ."

ఒటీలీ పక్కనున్న పీపా పట్టుకుంది. చనిపోవడానికి ముందురోజు భర్త ఎక్కడున్నాడో ఆమె ఎందరినో అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు.

"ఏ ఇల్లు?"

"ఉత్తరాన, షెబోయ్‌గన్ దారిలో. పాడిపశువుల ఇల్లు." కిలియన్ టోపీని రెండు చేతులా నలుపుతున్నాడు. "తోడు అక్కడ క్షేమంగా ఉంది. ఇన్నేళ్లూ కంటికి రెప్పలా చూసుకుంది ఆవిడ."

"ఆవిడెవరు?" అన్నాడు రైన్‌హోల్ట్.

కిలియన్ ఆయనకి కాదు, ఒటీలీకే చెప్పాడు.

"ఆల్విన్‌గారి పేరు పెట్టుకున్న బిడ్డ తల్లి అమ్మాయిగారూ."